బాపు చేసుకున్న రెండు ఉలులు

శ్రోతలకు నమస్కారం.

వడ్రంగం నేర్చుకునే పిల్లలు నన్ను తరచుగా అడుగుతారు, మంచి ఉలి ఎక్కడ దొరుకుతుందని. కొన్ని ఉలులు ఎక్కడా దొరకవు, చేసుకోవాల్సిందే. మా బాపు చేసుకున్న రెండు ఉలుల సంగతి చెప్తాను.

అప్పుడు మేం హనుమకొండ దగ్గర ఉండేవాళ్లం. బాపు వాకిట్లో కూర్చుని టేకు బల్లకు సొరుగు చేస్తున్నాడు. ముందు పలకకూ పక్క పలకకూ డవ్‌టెయిల్ కీలు, అంటే పావురం తోకలా చివర వెడల్పయ్యే పళ్లు గాళ్లలో ఇమిడే అతుకు. ఆ కీలు గాడిలో మూల ఇరుకుగా, ఏటవాలుగా ఉంటుంది. మామూలు ఉలి మొన తిన్నగా ఉంటుంది కదా, ఆ మూలదాకా పోదు. చెక్క పోగులు అక్కడే మిగిలిపోతాయి, పీకితే గాడి అంచు లేచిపోతుంది. అందుకే బాపుకు ఏటవాలు మొన ఉన్న ఉలి కావాలి. ఒకటి కాదు, రెండు. కుడి మూలకు ఒకటి, ఎడమ మూలకు ఒకటి. వరంగల్ చౌరస్తా దుకాణాలన్నీ తిరిగినా దొరకలేదు.

ఇంట్లో అరిగిపోయిన ఆకురాళ్లు, అంటే పళ్లతో అరగదీసే ఉక్కు పనిముట్లు, రెండున్నాయి. ఆకురాయిలో కార్బన్ ఎక్కువ, ఉలికి పనికొచ్చే ఉక్కు. వాటిని పట్టుకుని కమ్మరి మామ కొలిమికి పోయాం. ఉక్కు మన ప్రాంతానికి కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మామ ఆకురాళ్లను ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి, తెల్లారేదాకా ముట్టనివ్వలేదు. మెల్లగా చల్లారితే ఉక్కు మెత్తబడుతుంది. ఆ తర్వాత బాపు పళ్లన్నీ అరగదీసి, మొనలను ఏటవాలుగా అరగదీశాడు, ఒకటి ఇటు, ఒకటి అటు. పళ్ల గాట్లు ఒక్కటి మిగిలినా రేపు పగులు అక్కడే మొదలవుతుంది.

మళ్లీ కాల్చి, వేడి చేసిన పల్లినూనెలో ముంచాలి. ఎంత కాల్చాలో మామకు కంటితోనే తెలుసు. మనకు తెలియదు కాబట్టి అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. కాలిన ఉక్కుకు అయస్కాంతం అంటుకోవడం మానేశాక, ఇంకొంచెం కాల్చి ముంచాలి. నీళ్లలో వద్దు. నేను పెద్దయ్యాక మొదటిసారి నీళ్లలో ముంచాను, టిక్కుమంది, మొన దగ్గర పగులు. నాలుగు రోజుల పని పోయింది. నూనె ఇనుప డబ్బాలో పోసి, ఆరుబయట పెట్టండి. మంట లేస్తే మూయడానికి మూత పక్కనే ఉండాలి.

ఇంతవరకు చాలామంది చేస్తారు. ఇక్కడే ఆగిపోతారు. ముంచి తీసిన ఉక్కు గాజులాంటిది, సుత్తి దెబ్బకు పెచ్చులూడుతుంది. దాన్ని మెరిసేలా రుద్ది, తోక వైపు, అంటే పిడి దిగే వైపు నుంచి మెల్లగా వేడి చేయాలి. అప్పుడు రంగులు నడుస్తాయి. తోక వైపు నీలం, దాని ముందు ఊదా, దాని ముందు గోధుమ, అన్నిటికంటే ముందు ఎండిన వరిగడ్డి రంగు. "రంగు చూడు బిడ్డా, రంగు చూడు" అని మామ నా తల ఆ ఉలి మీదికి వంచాడు. వరిగడ్డి రంగు మొనను తాకగానే బాపు దాన్ని నీళ్లలో ముంచాడు. అప్పుడు నీళ్లలో ముంచొచ్చు, రంగు అక్కడే ఆగాలి కాబట్టి. ఒక్క క్షణం ఆలస్యమైతే మొనకు నీలం వస్తుంది, మొన మెత్తబడుతుంది.

పిడి తుమ్మకట్టెతో చేశాడు, తన అరచేతికి కొలిచి.

మీరు చేసిన ఉలిని సాన పట్టి, టేకు ముక్క అడ్డకోత మీద, అంటే పోగులకు అడ్డంగా కోసిన చివర మీద పెట్టి నెట్టి చూడండి. అంచు మడత పడితే మెత్తగా ఉన్నట్టు, మళ్లీ కాల్చి నూనెలో ముంచాలి. పెచ్చు లేస్తే గట్టిగా ఉన్నట్టు, ఆ పెచ్చు అరగదీసి, ఇంకాస్త ముదురు రంగు వచ్చేదాకా వేడి చేయండి. నమస్కారం.