బొకే ఇచ్చి కొన్న ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

నిండు నూరేళ్ళు బతకమని పెద్దలు మనల్ని దీవిస్తారు. అదే దీవెనను మనం ఒక పెద్దావిడకు మనసారా ఇవ్వలేని పరిస్థితి ఉంటుందా? ఉంటుంది. ఫ్రాన్సులో ఆవిడ ఇల్లు మనం కొనుక్కుని ఉంటే!

అక్కడ వియాజే అనే పద్ధతి ఉంది. వయసు మళ్ళినవాళ్ళు ఇల్లు అమ్ముతారు, కానీ చాలాసార్లు ఖాళీ చెయ్యరు. కన్నుమూసేదాకా అందులోనే ఉంటారు. కొన్నవాళ్ళు మామూలుగా ముందు కొంత సొమ్ము ముట్టజెబుతారు. దాని పేరు బొకే. అవును, పూల బొకేనే! ఆ తర్వాత నెలనెలా కొంత కడుతూ ఉండాలి. ఎన్నాళ్ళు? అమ్మినవాళ్ళు ఉన్నన్నాళ్ళు.

ఇక నాకు ఇష్టమైన కథ. ఆర్ల్ అనే ఊళ్ళో జీన్ కాల్మెంట్ అనే ఆవిడ ఉండేది. భర్త, కూతురు, చివరికి ఒక్కగానొక్క మనవడు కూడా ఆవిడ కళ్ళముందే పోయారు. 1965లో ఆవిడ తన ఫ్లాటును రాఫ్రే అనే నోటరీకి ఇలాగే అమ్మింది. నెలకు 2,500 ఫ్రాంకులు. ఆయనకు 47 ఏళ్ళు, ఆవిడకు 90. ఇళ్ళ దస్తావేజులు రాయడమే ఆయన వృత్తి. లెక్క తెలియని మనిషి కాదు. ఆ వయసు తేడా చూస్తే నేనైనా సంతకం పెట్టేసేవాణ్ణి.

ఆవిడకు వందేళ్ళు వచ్చాయి. ఆయన కట్టారు. 110 వచ్చాయి, ఆవిడ వృద్ధాశ్రమానికి మారింది. ఆయన కట్టారు. 120 వచ్చాయి. ఆయన కట్టారు. 1995 డిసెంబరులో ఆయనే పోయారు, 77వ ఏట. అప్పటికి కట్టింది దాదాపు 9 లక్షల ఫ్రాంకులు. ఇంటి విలువకు రెండింతలు దాటిందట. ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా కాపురం చెయ్యలేదు పాపం.

కథ అక్కడితో అయిపోలేదు. తర్వాతి నెల నుంచి ఆయన భార్య కట్టింది. 1997 ఆగస్టు 4న, 122వ ఏట, కాల్మెంట్ కన్నుమూసేదాకా.

అందరూ ఈ కథ విని నవ్వుతారు. నాకు మాత్రం ఆ భార్య గుర్తొస్తుంది. కొన్నవాడు పోయినా బాకీ పోదు, వారసుల మీద పడుతుంది. కట్టడం ఆపేస్తే ఇల్లు తిరిగి తమదే అని అమ్మేవాళ్ళు దస్తావేజులో షరతు రాయించుకోవడం అక్కడ మామూలు. అప్పుడు ఇల్లూ పోతుంది, అన్నాళ్ళూ కట్టిన సొమ్ములో చాలామటుకూ పోవచ్చు.

కాబట్టి ఇలా కొనాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. అమ్మే ఆవిడ వయసెంత, దగ్గుతోందా, కర్ర పట్టుకుని నడుస్తోందా, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. సంతకానికి ముందు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి, "రేపు నేను లేకపోతే నెలనెలా ఇంత మీరు కట్టగలరా?" అని అడగండి. వాళ్ళు నీళ్ళు నమిలితే అంకె తగ్గేలా బేరమాడండి, లేదా ఆ ఇల్లు వదిలెయ్యండి.

సెలవు.