సపోర్ట్ లేని ఓఎస్ మీద గిట్‌ల్యాబ్ సర్వర్: ఎక్కించడం సరే, ఆ తర్వాత?

నమస్తే అండీ. టీమ్ మొత్తం కోడ్ దాచుకునే సర్వర్‌ని, "ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మా సపోర్ట్ లేదు" అని కంపెనీయే చెప్పేసిన మెషీన్ మీద పెట్టొచ్చా? ఈ వీడియో రివ్యూ దాని గురించే. సాఫ్ట్‌వేర్ గిట్‌ల్యాబ్. సొంత సర్వర్‌లో నడుపుకునే వెర్షన్, అందులోనూ లైనక్స్ ప్యాకేజీ. ఎప్పటినుంచో వాడుతున్నవాళ్లకి దాని పాత పేరు ఆమ్నిబస్ అంటే వెంటనే తెలుస్తుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఎక్కుతుంది. కమాండ్ లైన్ కాస్త అలవాటున్న ఎవరైనా చాలా ఓఎస్‌ల మీద దీన్ని ఎక్కించగలరు. అందుకే ఇన్‌స్టాల్ అయిందా లేదా అన్నదానికి నేను మార్కులు వేయడం లేదు. తర్వాతి అప్‌గ్రేడ్ సాఫీగా జరుగుతుందా? మెషీన్ పోతే బ్యాకప్ నుంచి సర్వర్ మళ్లీ లేస్తుందా? నేను చూసేది ఈ రెండే. ఎందుకంటే ఆ సర్వర్‌లో ఉన్నది ఒక టీమ్ ఏళ్ల తరబడి చేసిన పని.

అధికారికంగా ప్యాకేజీలు దొరికేది ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్లు), డెబియన్, ఆల్మాలైనక్స్‌తో సహా రెడ్ హ్యాట్ కుటుంబం, అమెజాన్ లైనక్స్, సూసే లాంటి వాటికి. విండోస్ మీద ఈ సర్వర్ నడవదు. ఇక "సపోర్ట్ లేదు" అన్న మాటలో రెండు వేర్వేరు కేసులు కలిసిపోయి ఉన్నాయి. మింట్, ఆర్చ్, ఆల్పైన్ లాంటివి లిస్ట్‌లో ఎప్పుడూ లేవు. సెంటోస్ 7, ఉబుంటు 18.04 లాంటివి ఒకప్పుడు ఉండేవి, గడువు తీరి బయటికి వచ్చాయి. సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30తో అయిపోయింది. ఈ రెండింటి కష్టాలు ఒకటి కావు.

అసలు సపోర్ట్ లేని చోట కూడా ఇది ఎందుకు నడుస్తుందో చూద్దాం. ఈ ఒక్క ప్యాకేజీలోనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాంతోపాటు సర్వర్‌కి కావాల్సిన రెడిస్, ఎంజిన్‌ఎక్స్, పూమా, సైడ్‌కిక్, గిటాలీ సర్వీసులు అన్నీ వచ్చేస్తాయి. దాదాపు అన్నీ ఆప్ట్ కింద గిట్‌ల్యాబ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి. గిట్‌ల్యాబ్‌ని రాసిన ప్రోగ్రామింగ్ భాష రూబీ కూడా సొంతదే. మీ ఓఎస్‌లో ఏ రూబీ ఉందన్నది దానికి అనవసరం. కానీ మూడు చోట్ల మాత్రం అది మీ ఓఎస్ మీద ఆధారపడక తప్పదు. ఒకటి గ్లిబ్‌సీ, అంటే ప్రోగ్రాములు దాదాపు అన్నీ వాడుకునే సీ లైబ్రరీ. రెండోది సర్వీసులను లేపే సిస్టమ్‌డీ. మూడోది ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్. తర్వాత వచ్చే గొడవలన్నీ దాదాపు ఈ మూడింటి దగ్గరే.

ముందు సులువైన కేసు, లైనక్స్ మింట్ 22. రిపో అంటే ప్యాకేజీలు దిగే చోటు. దాని సెటప్ స్క్రిప్ట్ నడిపితే, అది ఓఎస్ వివరాలు చదివి పేరు మింట్, కోడ్‌నేమ్ విల్మా అని తీసుకుంటుంది. ఆ పేరుతో రిపో లేదు కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ఓఎస్ రిలీజ్ ఫైల్‌లో ఇంకో లైన్ ఉంది చూడండి, ఉబుంటు కోడ్‌నేమ్ అని. దాని విలువ నోబుల్. మింట్ 22 కట్టింది ఉబుంటు 24.04 మీద. రిపో చిరునామాలుండే సోర్సెస్ లిస్ట్‌లో మింట్, విల్మా బదులు ఉబుంటు, నోబుల్ అని చేత్తో రాస్తే చాలు, ప్యాకేజీ దిగుతుంది, ఇన్‌స్టాల్ అవుతుంది, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది. మొదటిసారి వాడేవాళ్లకి ఒక చిన్న జాగ్రత్త. రూట్, అంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఈటీసీ కింద గిట్‌ల్యాబ్ ఫోల్డర్‌లో ఇనీషియల్ రూట్ పాస్‌వర్డ్ అనే ఫైల్‌లో ఉంటుంది. 24 గంటలు దాటాక వచ్చే మొదటి రీకాన్ఫిగర్‌లో, అంటే సెట్టింగులను మళ్లీ అమలు చేసే కమాండ్ నడిచినప్పుడు, ఆ ఫైల్ దానంతట అదే పోతుంది. ముందే లాగిన్ అయి పాస్‌వర్డ్ మార్చేయండి.

చాలా వీడియోలు లాగిన్ పేజీ చూపించి ఇక్కడితో ఆపేస్తాయి. నాకు మాత్రం భయం ఇక్కడే మొదలవుతుంది. నోబుల్ అని మీరు చేత్తో రాసిన ఆ పదాన్ని ఇకమీదట మీరు తప్ప ఎవరూ మార్చరు. ఏదో ఒక రోజు ఆ ఉబుంటు వెర్షన్‌కి గిట్‌ల్యాబ్ ప్యాకేజీలు కట్టడం ఆపేస్తుంది. ఆ రోజు ఎర్రర్ రావాలని ఏమీ లేదు. పాత రిపో అలాగే ఉంటే ఏపీటీ అప్‌డేట్ కమాండ్ చక్కగా నడుస్తుంది, కొత్తది ఏదీ లేదంటుంది. సర్వర్ అప్‌డేట్‌గానే ఉందని మీరు అనుకుంటారు, సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఆగిపోయి ఉంటాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లు గిట్‌ల్యాబ్ విడుదల చేసే ప్యాచ్ ప్రకటనలను సొంతంగా గమనిస్తూ, తమ వెర్షన్ నంబర్‌తో పోల్చుకుంటూ ఉండాల్సిందే.

ఇక పాత ఓఎస్ కేసు. సెంటోస్ 7లో గ్లిబ్‌సీ వెర్షన్ 2.17. రెడ్ హ్యాట్ 8 కోసం కట్టిన ప్యాకేజీ తెచ్చి డిపెండెన్సీలు చూడకుండా బలవంతంగా ఎక్కిస్తే ఫైళ్లు కాపీ అవుతాయి కానీ ప్రోగ్రామ్ లేవదు. ఫలానా గ్లిబ్‌సీ వెర్షన్ దొరకలేదు అని ఎర్రర్ వస్తుంది. పాత గ్లిబ్‌సీ మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవదు. అప్పుడు కొందరు గ్లిబ్‌సీనే మార్చేస్తే పోలా అంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఫైళ్లు చూపించే ఎల్ఎస్ కమాండ్ నుంచి మీరు లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ దాకా అన్నీ దాని మీదే ఉన్నాయి. మధ్యలో తేడా వస్తే మెషీన్‌లోకి మళ్లీ వెళ్లే దారే ఉండదు. ఆల్పైన్ సంగతి ఒక్క ముక్కలో: అక్కడ సీ లైబ్రరీ ముసల్, గ్లిబ్‌సీ కాదు. ఈ ప్యాకేజీకి అది పనికిరాదు.

సిస్టమ్‌డీ దగ్గర వచ్చే గొడవ చాలామందికి పరిచయమే. రీకాన్ఫిగర్ కమాండ్ ఇచ్చాక లైన్లు గబగబా పరుగెత్తి, రెడిస్ సర్వీస్ కోసం ఎదురుచూస్తున్నాను అనే లైన్ దగ్గర ఆగిపోతుంది. ఎంతసేపైనా అంతే. రెడిస్‌లో తప్పేమీ లేదు. లోపలి సర్వీసులన్నింటినీ లేపేది రనిట్ అనే చిన్న ప్రోగ్రామ్. రనిట్‌ని లేపాల్సింది సిస్టమ్‌డీ. సిస్టమ్‌డీ లేని చోట, లేదా ఉన్నా ఇన్‌స్టాలర్ దాన్ని గుర్తించలేని చోట, రనిట్ లేవదు, రెడిస్ లేవదు, రీకాన్ఫిగర్ అలా నిలబడిపోతుంది. సిస్టమ్‌డీ ఉంటే ఇంకో టెర్మినల్ తెరిచి గిట్‌ల్యాబ్ రన్‌ఎస్‌వీడీర్ సర్వీస్‌ని స్టార్ట్ చేయండి, ఆగిన చోటు నుంచి కదులుతుంది. ఎల్‌ఎక్స్‌సీ లాంటి కంటైనర్లలో అయితే కెర్నల్ సెట్టింగులు మార్చబోయి కూడా ఆగిపోతుంది. దానికి సెట్టింగులుండే గిట్‌ల్యాబ్ డాట్ ఆర్‌బీ ఫైల్‌లో మాడిఫై కెర్నల్ పారామీటర్స్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయాలి. వీటిలో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు, తప్పు కళ్ల ముందే కనిపిస్తుంది.

కళ్ల ముందు కనిపించని తప్పు ఒకటుంది. ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే.

స్క్రీన్ మీద రెండు టెర్మినల్స్ పక్కపక్కన చూడండి. ఎడమ పక్కన సెంటోస్ 7, కుడి పక్కన కొత్త డెబియన్. రెండింటికీ ఒకే ఇన్‌పుట్ ఇస్తున్నాను, రెండే లైన్లు: 1-1, ఇంకా 11. లొకేల్, అంటే భాష సెట్టింగ్, రెండు చోట్లా ఒకటే, అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్ 8. సార్ట్ చేయమంటే ఎడమ పక్కన 11 ముందు వచ్చింది, తర్వాత 1-1. కుడి పక్కన 1-1 ముందు, తర్వాత 11. అదే కమాండ్, అదే డేటా, వరుస మాత్రం వేరు. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో సార్టింగ్ నియమాలు మారాయి. అంతకుముందు గీత లాంటి గుర్తులను మొదటి పోలికలో పక్కన పెట్టేసేవి, ఆ తర్వాత లెక్కలోకి తీసుకుంటున్నాయి.

దీనికీ గిట్‌ల్యాబ్‌కీ సంబంధం ఏమిటంటారా? లోపలి పోస్ట్‌గ్రెస్ అక్షరాల వరుస కోసం ఓఎస్‌లోని గ్లిబ్‌సీనే అడుగుతుంది. ఇండెక్స్‌లు ఆ వరుసలోనే డిస్క్ మీద రాసి ఉంటాయి. ఇప్పుడు మీరు పాత మెషీన్‌లోని డేటా ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేసి కొత్త ఓఎస్‌లో పెట్టారనుకోండి. ఇండెక్స్ పాత వరుసలో ఉంది, వెతికేవాడు కొత్త వరుసలో వెతుకుతున్నాడు. నిఘంటువు పేజీలు అలాగే ఉంచి, చదివేవాడికి వేరే అకారాది క్రమం నేర్పినట్టు. మాట పుస్తకంలో ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు.

బ్రాంచ్ పేర్లు, ఆటోమేటిక్ జాబ్‌లకు తగిలించే ట్యాగులు, ప్రాజెక్ట్ పేర్లు, యూజర్ నేమ్‌లు... వీటిలో గీతలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఉన్న ట్యాగ్‌ని వెతికితే లేదంటుంది. లేదు కాబట్టి అదే పేరుతో ఇంకొకటి రాయనిస్తుంది. ఒక్కటే ఉండాల్సిన చోట రెండు చేరతాయి. ఆ రోజు ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ కోడ్ పుష్ చేసుకుంటూనే ఉంటారు. చాలా కాలం తర్వాత ఒక అప్‌గ్రేడ్‌లో యూనిక్ ఇండెక్స్ (ఒక పేరు ఒక్కసారే ఉండాలనే ఇండెక్స్) కట్టలేకపోయాను అంటూ మైగ్రేషన్, అంటే డేటాబేస్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే పని, ఆగిపోతుంది. అప్పటికి ఏది అసలు, ఏది నకలు అని తేల్చడం ఎంత కష్టమో ఆలోచించండి. కాబట్టి గ్లిబ్‌సీ 2.28కి అటువైపు నుంచి ఇటువైపు వచ్చేటప్పుడు డేటా ఫోల్డర్‌ని కాపీ చేయొద్దు. గిట్‌ల్యాబ్ బ్యాకప్ తీసి రీస్టోర్ చేయండి. బ్యాకప్‌లో డేటాబేస్ డంప్ రూపంలో ఉంటుంది, రీస్టోర్‌లో ఇండెక్స్‌లు కొత్తగా కట్టుకుంటాయి. ఇప్పటికే కాపీ చేసేసి ఉంటే పోస్ట్‌గ్రెస్‌ని నడుస్తూ ఉంచి, గిట్‌ల్యాబ్ వాడకం ఆపి, డేటాబేస్ మొత్తాన్ని రీఇండెక్స్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే నకళ్లు అంత తక్కువ.

డాకర్ దారికి వద్దాం. సాఫ్ట్‌వేర్‌ని దానికి కావాల్సిన ఫైళ్లతో సహా ఒక ఇమేజ్‌గా చుట్టి నడిపేది డాకర్. నా మార్కులు ఎక్కువ దీనికే. ఇమేజ్‌లో గ్లిబ్‌సీ దానిదే, రనిట్ దానిదే. మీ ఓఎస్‌తో పని కెర్నల్, డాకర్ వరకే. కాన్ఫిగ్, లాగ్స్, డేటా, ఈ మూడు ఫోల్డర్లనూ బయట వాల్యూమ్‌లుగా పెడితే అప్‌గ్రేడ్ అంటే ఇమేజ్ ట్యాగ్ మార్చి మళ్లీ స్టార్ట్ చేయడమే. హోస్ట్‌లో, అంటే డాకర్ నడిచే మీ మెషీన్‌లో, ఎస్‌ఎస్‌హెచ్ 22వ పోర్ట్‌లో ఉంటుంది కాబట్టి గిట్‌ల్యాబ్ ఎస్‌ఎస్‌హెచ్‌కి వేరే పోర్ట్ ఇవ్వాలి.

డాకర్ ఉందని హోస్ట్‌ని పూర్తిగా మర్చిపోకూడదు. ఉబుంటు 22.04 మీద కట్టిన ఇమేజ్‌ని 20.10.10 కంటే పాత డాకర్‌లో లేపితే, థ్రెడ్ సృష్టించలేను, అనుమతి లేదు అని ఎర్రర్ వస్తుంది. ఇమేజ్‌లోని కొత్త గ్లిబ్‌సీ వాడే క్లోన్3 అనే సిస్టమ్ కాల్‌ని పాత డాకర్ అడ్డుకుంటుంది. డాకర్ అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. పాత సెంటోస్‌లో నేరుగా నడిచిన డేటా ఫోల్డర్‌ని తెచ్చి డాకర్ వాల్యూమ్‌గా తగిలించేవాళ్లు కూడా ఉన్నారు. ఇందాక చెప్పిన సార్టింగ్ గొడవ అక్కడా ఉంటుంది. విండోస్‌లో డాకర్ పెట్టి దాని మీద గిట్‌ల్యాబ్ నడపడానికి మాత్రం అధికారిక సపోర్ట్ లేదు, వాల్యూమ్ పర్మిషన్ల దగ్గర తేడాలొస్తాయి.

వర్చువల్ మెషీన్‌లో సపోర్ట్ ఉన్న ఉబుంటు పెట్టుకునే దారి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మెమరీ కాస్త ఎక్కువ తింటుంది, మిగతాదంతా మామూలు ఇన్‌స్టాలేషనే. కోడ్ పోతే టీమ్ పని ఆగిపోతుంది అనే పరిస్థితి ఉంటే నేను ఇదే పెట్టమంటాను. చిన్న టీమ్‌కి డాకర్ చాలు. మింట్‌లో కోడ్‌నేమ్ మార్చే పద్ధతి సొంత మెషీన్‌లో నేర్చుకోవడానికి బాగుంటుంది, నలుగురి కోడ్ పెట్టడానికి కాదు.

చివరగా, గడువు తీరిన ఓఎస్ మీద ఇప్పటికే సర్వర్ నడుపుతున్నవాళ్ల కోసం. గిట్‌ల్యాబ్‌లో ఒక వెర్షన్ నుంచి నేరుగా చివరి వెర్షన్‌కి దూకలేం, మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన వెర్షన్లు ఉంటాయి. 17.5 నుంచి అవి వెర్షన్‌లో చుక్క తర్వాత 2, 5, 8, 11 నంబర్ల దగ్గర వస్తాయి. మీ ఓఎస్‌కి ప్యాకేజీలు వీటి మధ్యలో ఎక్కడో ఆగిపోయి ఉంటే ముందు ఓఎస్ మారాలి, ఆ తర్వాతే అప్‌గ్రేడ్. పైగా రీస్టోర్ జరగాలంటే రెండు వైపులా వెర్షన్ అచ్చంగా ఒకటే ఉండాలి, కమ్యూనిటీ ఎడిషనా ఎంటర్‌ప్రైజ్ ఎడిషనా అన్నది కూడా. మీ పాత వెర్షన్‌కి కొత్త ఓఎస్‌లో ప్యాకేజీ లేకపోవచ్చు. అక్కడ డాకర్ ఆదుకుంటుంది, పాత వెర్షన్ల ఇమేజ్‌లు ట్యాగులతో దొరుకుతాయి.

బ్యాకప్ కమాండ్ కాన్ఫిగ్‌ని తీసుకోదు. గిట్‌ల్యాబ్ డాట్ ఆర్‌బీ, గిట్‌ల్యాబ్ సీక్రెట్స్ జేసన్, ఈ రెండు ఫైళ్లనూ విడిగా భద్రం చేయండి. సీక్రెట్స్ ఫైల్ లేకుండా రీస్టోర్ చేస్తే కోడ్ వస్తుంది కానీ రెండంచెల లాగిన్ పెట్టుకున్నవాళ్లు లోపలికి రాలేరు, సీఐ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి పరీక్షించే భాగం) వేరియబుల్స్ తెరుచుకోవు. రీస్టోర్ అయ్యాక డాక్టర్ సీక్రెట్స్ అనే రేక్ టాస్క్ (నిర్వహణ కమాండ్) నడిపితే అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చెప్పేస్తుంది.

ఆఖరి బ్యాకప్ తీసేముందు పాత సర్వర్‌లో ఎవరూ పుష్ చేయకుండా చూడండి. తీశాక దాన్ని ఆపేయండి. రెండూ ఒకేసారి నడిస్తే టైమ్ పెట్టిన పైప్‌లైన్లు, అంటే ఆటోమేటిక్ బిల్డ్, డిప్లాయ్ పనులు, రెండు చోట్లా నడుస్తాయి, ఒకే డిప్లాయ్ రెండుసార్లు వెళ్తుంది. ఆపిన పాత మెషీన్‌ని చెరిపేయకుండా, కొత్త సర్వర్ మీద మొదటి అప్‌గ్రేడ్ పూర్తయ్యేదాకా అలాగే ఉంచండి.