కాజాలో దొంగ గుండీ

శ్రోతలకు నమస్కారం.

డెంగ్యూ రోజుల్లో మన హైదరాబాద్‌లో ప్లేట్‌లెట్ల కౌంటు ఎంతని అడగని ఇల్లుండదు. అదే కత్తిపీటకి వేలు తెగి, పసుపు అద్దగానే రక్తం కట్టిందనుకోండి, పేరు పసుపుకే పోతుంది. పని చేసింది మాత్రం ఆ ప్లేట్‌లెట్లే.

అవి ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయి? ఒక్కో ప్లేట్‌లెట్ ఒంటిమీద దాదాపు 80,000 కాజాలున్నాయనుకోండి. ఇంటిగ్రిన్ అంటారు వాటిని. మామూలప్పుడు మూసుకునే ఉంటాయి, గాయమైతే తెరుచుకుంటాయి. అప్పుడు రక్తంలోని ఫైబ్రినోజెన్, రెండు కొసలా గుండీలున్న పట్టీలాగా, రెండు ప్లేట్‌లెట్లను కలిపేస్తుంది.

పింజర జాతి పాముల విషంలో ఆ కాజాలో దూరి కూర్చునే దొంగ గుండీలున్నాయి. పేరు డిస్‌ఇంటిగ్రిన్లు. ఇసుక పింజర విషంలోని ఎకిస్టాటిన్‌నే తీసుకోండి, ప్రోటీన్లను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు అందులో మొత్తం 49. అందులోంచి వేలులా ఒక మెలిక పొడుచుకొస్తుంది. దాని కొసన ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఈ మూడూ ఇదే వరసలో మన సొంత ప్రోటీన్లలోనూ ఉన్నాయి. 1984లో ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌లో గుర్తించారు. అంటే పాము మన ఇంటి తాళంచెవికే నకలు చేయించుకుంది! అన్నట్టు, పింజర కాటుకి రక్తం గడ్డకట్టకపోవడంలో అసలు దోషులు విషంలోని ఎంజైములు. ఇది తోడుదొంగ.

చిక్కేమిటంటే, మన ఒంట్లోని 24 రకాల ఇంటిగ్రిన్లలో 8 ఈ గుండీని ఒప్పుకుంటాయి. మందుగా వాడాలంటే ఒక్కదానికే పట్టాలి. 1991లో అమెరికాలోని ఒక పొట్టి గిలక పాము విషంలో అలాంటిది దొరికింది, బార్బోరిన్. ఆర్జినిన్ ఉండాల్సిన చోట లైసిన్ ఉంది, అంతే తేడా. ప్లేట్‌లెట్ కాజా తప్ప మిగతావి దాన్ని దాదాపు పట్టించుకోవు. ఆ పోలికతో రసాయన శాస్త్రవేత్తలు ఉంగరంలాంటి చిన్న అణువు కట్టారు. అదే ఎప్టిఫిబటైడ్, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. స్టెంట్ వేసేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా కొందరికి డ్రిప్‌లో ఎక్కిస్తారు. ఆపేసిన కొద్ది గంటల్లోనే ప్లేట్‌లెట్లు మళ్ళీ పనిలో పడతాయి.

మా బాబాయికి ఎక్కించినప్పుడు, సీసాలో విషం చుక్క కూడా లేదు, పాముని చూసి నేర్చుకున్న మందు మాత్రమే అని పిన్నికి సర్దిచెప్పాను.

"ఏ పాము?" అంది.

అమెరికా పామన్నాను.

"అయ్యో! నాగులచవితికి అక్కడ పుట్టలో పాలెవరు పోస్తార్రా దానికి?" అంది.