పోయినవారికి చేసేది ఎవరి కోసం? ప్రాచీన చైనాలో ఒక సుదీర్ఘ వాదన

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ప్రాచీన చైనా అనగానే మనకు మహాకుడ్యం, పట్టు, కన్ఫ్యూషియస్ నీతివాక్యాలు గుర్తుకు వస్తాయి. నేను ఈరోజు ఆ దేశపు ఆలోచనాపరులు శతాబ్దాల తరబడి వదలకుండా తర్కించిన ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. చనిపోయినవారికి బతికున్నవారు ఏం చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్నది ఆ ప్రశ్న. చైనా రాజనీతి, కుటుంబధర్మం చాలావరకు దీని చుట్టూనే పెరిగాయని నా అభిప్రాయం.

హెనాన్ రాష్ట్రంలోని అన్యాంగ్ పక్కన, ప్రాచీన చైనాను ఏలిన షాంగ్ వంశపు రాజుల చివరి రాజధాని శిథిలాలు ఉన్నాయి. అక్కడి పొలాల్లో దొరికే పాత ఎముకలను ‘డ్రాగన్ ఎముకలు’ అనే పేరుతో మందుల కోసం అమ్మేవారు. వాటి మీది గీతలు ప్రాచీన లిపి అని 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తించాడు. 1928లో శాస్త్రీయమైన తవ్వకాలు మొదలయ్యాయి. 1936లో ఒక్క గుంటలోనే 17,000కు పైగా ముక్కలు బయటపడ్డాయి. ఎక్కువగా అవి తాబేలు పొట్టవైపు డిప్పలు, పశువుల భుజం ఎముకలు. వెనకవైపు చిన్న గుంటలు తొలిచి, అక్కడ నిప్పు సెగ తగిలిస్తే ముందువైపు పగుళ్లు విచ్చేవి. ఆ పగుళ్లను చూసి రాజు ఫలం చెప్పేవాడు. అడిగిన ప్రశ్నను, కొన్నిసార్లు ఆ తర్వాత జరిగినదాన్ని కూడా అదే ఎముక మీద చెక్కేవారు.

క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఏలిన వూ డింగ్ రాజుకు ఒకసారి పంటినొప్పి వచ్చింది. చనిపోయిన తండ్రి వరసవారి పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, ‘ఈ బాధ ఈయన వల్లనా, కాదా’ అని విడివిడిగా ప్రశ్న వేశారు. అంటే నొప్పికి మందు వెతకడం కన్నా ముందు, అలిగిన పెద్దాయన ఎవరో తేల్చుకోవాలి. మరో ఎముక మీద రాణి ఫూ హావ్ ప్రసవం గురించి ఉంది. ఏయే రోజుల్లో కాన్పు అయితే శుభమో రాజు చెప్పాడు. 31 రోజుల తర్వాత ఆమె ప్రసవించింది. ‘శుభం కాలేదు, ఆడపిల్ల’ అని చెక్కారు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే ఆ రాణి స్వయంగా సైన్యాలను నడిపిన మనిషి. 1976లో బయటపడిన ఆమె సమాధిలో సుమారు 1,600 కిలోల కంచు సామగ్రి ఉంది. ఆమెతో పాటు బలి అయిన 16 మంది అస్థిపంజరాలు కూడా ఉన్నాయి.

షాంగ్ కాలపు నమ్మకం ఇది: పోయినవారు శక్తిమంతులు, అలుగుతారు, తృప్తి పరిస్తే మేలు చేస్తారు. ఆ తృప్తి కోసం పశువులనే కాదు, మనుషులను కూడా వేల సంఖ్యలో బలి ఇచ్చారు.

క్రీ.పూ. 1046 ప్రాంతంలో పడమటి నుంచి వచ్చిన జౌ వంశంవారు షాంగ్ రాజ్యాన్ని కూల్చినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. అన్ని బలులు అందుకున్న షాంగ్ పితృదేవతలు తమ వంశాన్ని ఎందుకు కాపాడలేకపోయారు? రాజ్యాధికారం ఆకాశం ఇచ్చే ఆజ్ఞ అని, ప్రజలను పీడించే వంశం నుంచి దాన్ని ఆకాశమే తీసుకుని యోగ్యులకు ఇస్తుందని, కాబట్టి పూజలు ఎన్ని చేసినా నడత చెడితే ఆ ఆజ్ఞ నిలవదని జౌ పాలకులు జవాబు చెప్పారు. గెలిచినవారు తమ గెలుపును సమర్థించుకోవడానికి చెప్పిన మాటే అది, సందేహం లేదు. కానీ ఒకసారి అన్నాక అది వారికి కూడా వర్తించింది, ఆ తర్వాత వచ్చిన ప్రతి వంశాన్నీ అదే గీటురాయి మీద పరీక్షించారు.

జౌ కాలపు శ్రాద్ధంలో ఒక విశేషం ఉంది. పోయిన పెద్దాయన స్థానంలో ఒక మనిషిని, సాధారణంగా మనవడి వరసవాడిని, కూర్చోబెట్టి అన్నం, మద్యం నివేదించేవారు. ఆబ్దికంలో భోక్తలను పితృస్థానంలో కూర్చోబెట్టే మనకు ఇది వింతగా తోచదు. ఆ కాలపు పాటల సంకలనంలో ఈ ఘట్టం ఉంది: దేవతలందరూ మత్తెక్కి తృప్తి పడ్డారని, ఆ స్థానంలో కూర్చున్నవాడు లేచాడని, గంటలు, భేరీలు మోగిస్తూ సాగనంపారని.

అదే సంకలనంలో ఇంకో పాట కూడా ఉంది. క్రీ.పూ. 621లో చిన్ రాజ్యాధిపతి ము మరణిస్తే ఆయనతో పాటు 177 మందిని సమాధి చేశారు. వారిలో ముగ్గురు పేరున్న అన్నదమ్ములు. సమాధి అంచుకు వచ్చి వణికిపోయిన వారిని చూసి, ‘వీరిని విడిపించగలిగితే ఒక్కొక్కరికి మా వంద ప్రాణాలు ఇచ్చేవాళ్లం’ అని జనం ఏడ్చారు. పోయినవారి పేరిట జరిగే క్రౌర్యాన్ని నిరసించిన గొంతు ఇంత స్పష్టంగా అంత పాతకాలం నుంచి వినిపించడం నన్ను కదిలిస్తుంది. చిన్ రాజ్యంలో ఈ ఆచారాన్ని నిషేధించింది క్రీ.పూ. 384లో.

కన్ఫ్యూషియస్ క్రీ.పూ. 551 నుంచి 479 వరకు జీవించాడు. ‘మనుషులనే సరిగా సేవించలేనప్పుడు ప్రేతాలను ఎలా సేవిస్తావు’ అని శిష్యుడిని అడిగిన ఈయనే, కర్మకాండలో ఒక్క గొర్రెను తగ్గించడానికి కూడా ఒప్పుకోలేదు. ఈ రెండూ ఎలా కుదురుతాయో జై వో అనే శిష్యుడితో జరిగిన సంభాషణలో తెలుస్తుంది. తల్లిదండ్రులు పోతే మూడేళ్లు మైల పాటించడం ఎక్కువని, ఏడాదికి పాత ధాన్యం అయిపోయి కొత్తది వస్తుంది కనుక అంతే చాలని జై వో వాదించాడు. గురువు అడిగాడు: ‘ఆ తర్వాత మంచి బియ్యం తిని, పట్టుబట్టలు కట్టుకుంటే నీకు మనసు నెమ్మదిగా ఉంటుందా?’ ‘ఉంటుంది’ అన్నాడు శిష్యుడు. ‘అయితే అలాగే చెయ్యి’ అన్నాడు గురువు. అతను వెళ్లిపోయాక, బిడ్డ పుట్టిన మూడేళ్లకు గానీ తల్లిదండ్రుల ఒడి విడవడని బాధపడ్డాడు. ఈ మాటల్లో ప్రేతం కోపం గురించి ఒక్క అక్షరం లేదు. వూ డింగ్ పంటినొప్పి నాటి భయం పోయి, దాని స్థానంలో కృతజ్ఞత వచ్చి కూర్చుంది.

ఈ మూడేళ్ల మైల మీద గట్టిగా దాడి చేసినవాడు కన్ఫ్యూషియస్ తర్వాత వచ్చిన మోజీ అనే తాత్వికుడు. అంతకాలం రైతు పొలం మానేస్తే, స్త్రీలు నేత మానేస్తే పేదవాడి గతి ఏమిటని, మూడు అంగుళాల మందం శవపెట్టె చాలదా అని ఆయన నిలదీశాడు. విశేషమేమిటంటే ప్రేతాలు నిజంగా ఉన్నాయని గట్టిగా వాదించింది కూడా ఈయనే. ప్రేతాలు లేవంటూనే శ్రాద్ధవిధులు నేర్చుకోవడం, అతిథులు లేకుండానే అతిథి మర్యాదలు నేర్చుకోవడం లాంటిదని కన్ఫ్యూషియస్ అనుయాయులను ఎత్తిపొడిచాడు. ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. జువాంగ్‌జీ అనే మరో తాత్వికుడు మాత్రం ఈ వాదంలోకి దిగకుండా, తనను ఆరుబయట వదిలేస్తే భూమ్యాకాశాలే తన శవపేటిక అని శిష్యులకు చెప్పాడు.

మోజీ ప్రశ్నకు తిన్నగా జవాబిచ్చినవాడు కన్ఫ్యూషియస్ మార్గానికే చెందిన క్రీ.పూ. 3వ శతాబ్దపు తాత్వికుడు షున్‌జీ. వాన కోసం మొక్కితే వాన పడిందంటే, మొక్కకపోయినా పడేదే అని చెప్పిన మనిషి ఆయన. అయినా శ్రాద్ధాన్ని తీసెయ్యమనలేదు. దుఃఖం, తలపోత మనిషిలో ఎలాగూ ఉప్పొంగుతాయని, వాటికి ఒక రూపం ఇచ్చేదే కర్మకాండ అని, వివేకి దాన్ని మనుషుల మార్గంగా చూస్తే సామాన్యుడు ప్రేతసేవగా చూస్తాడని వివరించాడు. ఇంత నిబ్బరమైన సమాధానం ఆ కాలంలో మరొకటి నాకు కనబడలేదు.

అయితే షున్‌జీ చెప్పిన ఆ ప్రేతసేవ దారిలో సామాన్యులే కాదు, సంపన్నులు కూడా నడిచారు. చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయిలో క్రీ.పూ. 168 నాటి ఒక సమాధిని తవ్వితే, లక్క పూసిన పెట్టెలో ప్రాచీన తాత్వికుడు లావోజీ పేరిట ఉన్న గ్రంథం రెండు ప్రతులు పట్టుగుడ్డ మీద రాసి కనిపించాయి. అక్కడే ఒక చెక్క పలక కూడా దొరికింది. సమాధి సామగ్రి జాబితాను స్వీకరించి పై అధికారికి పంపవలసిందిగా, పోయినవాడి ఇంటి ఉద్యోగి పరలోకంలోని అధికారికి తేదీ వేసి రాసిన లేఖ అది. ఆ సమాధి ఏ ఏడాదిదో మనకు తెలిసింది ఆ తేదీ వల్లనే.