మేడిగడ్డ ఖర్చుకు సంతకం పెట్టవలసింది సిరోంచ గ్రామసభలే

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాట చెప్పడానికి మీ ముందుకు వచ్చాను. అది విన్న తరువాత మీలో సగం మంది నన్ను తిడతారని కూడా నాకు తెలుసు, తిట్టండి. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టులో భాగంగా గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ మీద పెట్టిన డబ్బు సక్రమంగా ఖర్చయిందని ధ్రువపత్రం ఇచ్చే అధికారాన్ని, ఆ డబ్బు ఖర్చు పెట్టిన శాఖ చేతిలోనే ఉంచకూడదు. ఆ సంతకం గోదావరి ఎడమ గట్టున ఉన్న మా సిరోంచ తాలూకా గ్రామసభలది. మహారాష్ట్ర గ్రామసభ తెలంగాణ ఖజానా లెక్కకు సంతకం పెట్టడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు, కానీ ఈ వీడియో చివరిదాకా చూసి నవ్వండి.

కథంతా మొదటి నుంచి చెప్పను. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజీ ఏడవ బ్లాకు కుంగినప్పటి దృశ్యాలను మీరందరూ ఫోన్లలో చూశారు. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక, జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నివేదికలు, 2025 జూలై 31న వచ్చిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ నివేదిక, ఆ తరువాత సీబీఐకి అప్పగించాలన్న నిర్ణయం, ఆరోపణలన్నిటినీ నాటి ప్రభుత్వ పెద్దలు తోసిపుచ్చడం, ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. తప్పెవరిదో తేల్చడం న్యాయస్థానాల పని. రెండేళ్ళుగా ప్రతి చర్చలోనూ హైదరాబాదు మనుషులే హైదరాబాదు మనుషులను తిట్టుకుంటున్నారు తప్ప, ఆ బ్యారేజీకి రెండో కొస ఒకటి ఉన్నదన్న సంగతి ఒక్కరికీ గుర్తుకు రాకపోవడమే నా కోపానికి కారణం.

రెండో కొస మాది. 85 గేట్లతో, 1.6 కిలోమీటర్లకు పైగా పొడవుతో నదికి అడ్డంగా పరుచుకున్న ఆ కట్టడం కుడివైపున మహదేవపూర్ మండలంలో మొదలై, ఎడమవైపున మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర ముగుస్తుంది. 2016 ఆగస్టు 23న ముంబయిలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని నీటిమట్టం 100 మీటర్లని ఒప్పందం చేసుకున్నారు. అసలు మేడిగడ్డ ఎందుకు వచ్చిందో గుర్తుందా? అంతకుముందు ప్రాణహిత మీద తుమ్మిడిహెట్టి దగ్గర బ్యారేజీ కట్టాలనుకున్నారు. అక్కడ కడితే తమ భూములు మునుగుతాయని మహారాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, అక్కడ నీటి లభ్యత చాలదని తెలంగాణ ప్రభుత్వం వాదించింది, చివరికి పనిని దిగువకు తెచ్చారు. మహారాష్ట్ర భూములు మునగకూడదని జరిపిన బ్యారేజీ వచ్చి మహారాష్ట్రలోని మా భూములనే ముంచింది. మేమేమైనా గుజరాత్‌లో ఉన్నామా?

ఇప్పుడు అసలు చిక్కు వినండి. రాష్ట్ర ఖాతాల మీద కాగ్ ఇచ్చే నివేదిక రాజ్యాంగంలోని 151వ అధికరణం ప్రకారం ఆ రాష్ట్ర గవర్నరుకు వెళ్ళి, ఆ రాష్ట్ర శాసనసభ ముందుకు వస్తుంది. దాన్ని ఆ సభకు చెందిన ప్రజాపద్దుల సంఘం చదివి, అధికారులను పిలిచి ప్రశ్నిస్తుంది. కాళేశ్వరం మీద నివేదిక 2024 ఫిబ్రవరి 15న హైదరాబాదులో సభ ముందుకు వచ్చింది. మా తాలూకా అహేరి నియోజకవర్గంలో ఉంది, మా శాసనసభ్యుడు ముంబయిలో కూర్చుంటాడు. అంటే మా పొలాన్ని ముంచిన ఖర్చు గురించి ప్రశ్న అడిగే హక్కున్న సభలో మాకు ఓటు లేదు, మాకు ఓటున్న సభకు ఆ నివేదిక రాదు. గోదావరి నీళ్ళు మా చేలలోకి వచ్చేటప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు గానీ, ఆడిట్ కాగితం మాత్రం సరిహద్దు దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

పోయిన వారం గట్టు వెంబడి ఒక పొలానికి వెళ్ళాను. ఊరి పేరూ మనిషి పేరూ చెప్పను, మేము ఆయనను కాకా అని పిలుస్తాము. ఆయన తన సాత్‌బారా కాగితాన్ని, అంటే భూమి, పంట వివరాలుండే పత్రాన్ని, ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క కట్టి దాచుకున్నాడు. విప్పి చూపించాడు. పంట గడిలో పత్తి అని ఉంది. మేము నిలబడిన చోట పత్తి లేదు, చీలమండల దాకా ఇసుక ఉంది. ఆ ఇసుకలో నుంచి నిరుటి మిరప మోళ్ళు రెండు మూడు, ఎండిపోయిన వేళ్ళలాగా పైకి పొడుచుకుని ఉన్నాయి. కాకా వాటిని చెప్పుతో నొక్కుతూ, “పైసలు అటోళ్ళయి, నీళ్ళు అటోళ్ళయి, మునిగింది మాత్రం మాది బిడ్డా” అన్నాడు. తలాఠీ, అంటే గ్రామ రెవెన్యూ అధికారి, వచ్చి పంచనామా రాసుకుని వెళ్ళాడట. పంచనామా ఏ కార్యాలయానికి వెళ్ళిందో ఆయనకు తెలియదు. ఈ గట్టు రైతులు పరిహారం కోసం సిరోంచలో నిరాహార దీక్షలకు కూర్చున్న రోజుల్లో మూడు పూటలు ఆ టెంటు కింద ఉన్నానని మాత్రం చెప్పాడు.

ఆయన కోసమని నేనే సమాచార హక్కు దరఖాస్తు రాశాను. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, ముంపు భూముల మోజణీ, అంటే కొలత, ఎప్పుడు చేశారు, పరిహారానికి ఎంత డబ్బు వచ్చింది, ఎంత పంచారు అని మూడు ప్రశ్నలు అడిగాను. ఈ ఒడ్డున ఉన్న ఒక కార్యాలయం నుంచి నాలుగు వరుసల మరాఠీ జవాబు వచ్చింది: ఈ విషయం పొరుగు రాష్ట్ర నీటిపారుదల శాఖకు సంబంధించినది, అక్కడ అడగండి. అక్కడ అడిగాను. ఆ ఒడ్డున ఉన్న కార్యాలయం తెలుగులో అయిదు వరుసలు రాసింది: భూసేకరణ మహారాష్ట్ర అధికారుల పరిధిలోనిది, అక్కడ అడగండి. ఇరవై రూపాయలు ఖర్చు పెట్టి రెండు భాషలలో ఒకే జవాబు కొనుక్కున్నాను. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిన అధికారి ఈ దేశంలో ఎవరు?

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, ఓపిక పట్టండి. మాకు ఎదురుగా, సంగమానికి అవతలి ఒడ్డున కాళేశ్వరం గుడి ఉంది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. యముడి దగ్గర చిత్రగుప్తుడు ఉంటాడు కదా! మనిషి చేసిన ప్రతి పనినీ తప్పు లేకుండా రాస్తాడు, ఎవరికీ లొంగడు, ఆయన పద్దులో కొట్టివేతలు ఉండవు. కానీ ఆ పద్దును మనిషి చచ్చిన తరువాతే చదువుతాడు. మన కాగ్ అచ్చం అంతే. బ్యారేజీ ప్రారంభోత్సవం 2019 జూన్ 21న జరిగింది, అది 2023 అక్టోబరులో కుంగింది, నివేదిక 2024 ఫిబ్రవరిలో సభకు వచ్చింది. శవం లేచిన నాలుగు నెలలకు చిత్రగుప్తుడు గొంతు సవరించుకున్నాడు.

కాగ్ పదవి పూర్తి ఇంగ్లీషు పేరు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అందులో కంప్ట్రోలర్ అన్న మాట ముందు ఉంటుంది, అంటే నియంత్రించేవాడు. బ్రిటన్‌లో ఆ అధికారి ఆమోదం లేకుండా ఖజానా నుంచి డబ్బు కదలదు. మన దగ్గర ఆ మాట పేరులో మాత్రమే మిగిలింది, ఆయన చేతిలో ఉన్నది ఖర్చయిపోయిన తరువాత లెక్క చూసే పని. కాగ్ బహుశా ఈ రాజ్యాంగంలోకెల్లా ముఖ్యమైన అధికారి అని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్నారు. అంత ముఖ్యమైన మనిషికి గేటు దగ్గర తాళం చెవి ఇవ్వకుండా, దొంగతనం జరిగాక పంచనామా రాసే పుస్తకం ఇచ్చారు.

ఆ పుస్తకంలో ఏముందో చూద్దాం. మొత్తం కాళేశ్వరం ప్రాజెక్టుకు కేంద్ర జల సంఘానికి చూపిన వ్యయం 81,911 కోట్ల రూపాయలు. కాగ్ లెక్క ప్రకారం అది 1,47,427 కోట్లు దాటే అవకాశం ఉంది. రూపాయికి రూపాయిన్నర ప్రయోజనం వస్తుందని చెప్పిన ప్రాజెక్టు, పెరిగిన ఖర్చుతో చూస్తే రూపాయికి 52 పైసలే ఇస్తుందని నివేదిక తేల్చింది. ఇంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? 2015లో ఒక కార్పొరేషన్ పెట్టి, దాని పేరుతో బ్యాంకుల దగ్గర, ఆర్థిక సంస్థల దగ్గర 87 వేల కోట్లకు పైగా అప్పులకు ఒప్పందాలు చేసుకున్నారు. బడ్జెట్ పుస్తకంలో కనిపించని అప్పు మీద సభ్యుడు కోత తీర్మానం ఎలా పెడతాడు? గుమ్మం ముందు కాపలా ఉన్నదని పెరటి గోడ దూకడం లాంటిది ఈ ఏర్పాటు.

నన్ను అన్నిటికంటే మండించిన సంగతి ఇంకొకటి ఉంది. సమగ్ర ప్రాజెక్టు నివేదికకు ఆమోదం రాకముందే 17 పనులను, సుమారు 25 వేల కోట్ల రూపాయల విలువైన వాటిని, అప్పగించేశారని కాగ్ రాసింది. మా ఊళ్ళో ఒక రైతు షేత్‌తళే, అంటే పొలంలో నీటికుంట, తవ్వించుకోవాలంటే సాత్‌బారా నకలు కావాలి, సాంకేతిక మంజూరు కావాలి, పరిపాలనా మంజూరు కావాలి, తవ్వక ముందు ఒక ఫోటో, తవ్విన తరువాత ఒక ఫోటో కావాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించాలని చెప్పింది కాబట్టి, ఎన్ని రోజుల కూలి ఎవరికి ఇచ్చారో మస్టరు రోలు పట్టుకుని ఊరి నడుమ పేరుపేరునా చదివారు. నీటికుంటకు ఊరంతా సాక్షి, లక్షన్నర కోట్ల ప్రాజెక్టుకు ఒక్క ఊరు కూడా సాక్షి కాదు.

కాబట్టి నా సిద్ధాంతం ఇది, మళ్ళీ చెబుతున్నాను: సంతకం గ్రామసభది. ఇది నేను గాలిలో నుంచి పట్టుకున్న ఆలోచన కాదు. సిరోంచ తాలూకా రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో ఉంది. ఇక్కడ 1996 నాటి పెసా చట్టం, అంటే షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల చట్టం, వర్తిస్తుంది, దానికి మహారాష్ట్ర 2014లో నియమాలు కూడా చేసింది. ఆ చట్టం నాలుగవ సెక్షను ప్రకారం, గ్రామ పంచాయతీ తన పథకాల మీద ఖర్చు పెట్టిన నిధులకు గ్రామసభ నుంచి వినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. అభివృద్ధి పనుల కోసం భూమి సేకరించే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని కూడా ఆ సెక్షనే చెబుతుంది. మురికి కాలువకు ఊరి ధ్రువపత్రం అడిగే చట్టం ఆ ఊరి పొలాలను ముంచే బ్యారేజీకి ఎందుకు అడగదు? చట్టంలో పంచాయతీ ఖర్చు అని మాత్రమే ఉన్నదని వకీళ్ళు నాకు చెబుతారు. నాకు తెలుసు. ఆ మాటనే మార్చమని అడుగుతున్నాను.

పత్తి ఏరుకునేవాళ్ళకు ఇంజనీరింగు ఏమి తెలుసునని అడిగేవాళ్ళు కింద వ్యాఖ్యలలో తప్పకుండా ఉంటారు. కాంక్రీటు నాణ్యతకు ధ్రువపత్రం ఇమ్మని ఎవరూ గ్రామసభను అడగడం లేదు. మోజణీ జరిగిందా లేదా, పరిహారం చేతికి అందిందా లేదా, గేట్లు మూసినప్పుడు నీళ్ళు ఏ సర్వే నంబరు దాకా వచ్చాయి, ఈ మూడు సంగతులూ పొలం దున్నేవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఇవి తేలే వరకు తరువాతి బిల్లుకు డబ్బు విడుదల చేయకూడదన్నదే నా షరతు. ఊళ్ళకు లెక్కలు రావనుకునేవాళ్ళు మా గడ్చిరోలి జిల్లాలోనే ఉన్న మెండా లేఖా వెళ్ళి చూడండి. ఢిల్లీలో, ముంబయిలో మన సర్కారు, మన ఊళ్ళో మనమే సర్కారు అన్న నినాదం ఆ ఊరిది. 2009లో సామూహిక అటవీ హక్కులు సంపాదించి, 2011 నుంచి తమ వెదురుకు రవాణా పర్మిట్లు తామే రాసుకున్నారు. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టమే చేసింది, అక్కడ ఆకాశమేమీ ఊడిపడలేదు.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పని కూడా లేదు. తెలంగాణ ఖాతాలను చూసే అకౌంటెంట్ జనరల్ హైదరాబాదులో ఉన్నారు, విదర్భ ఖాతాలను చూసే అకౌంటెంట్ జనరల్ నాగపూర్‌లో ఉన్నారు, ఇద్దరి పైనా ఉన్నది ఒకే కాగ్. ప్రభుత్వాలు రెండు కావచ్చు, ఆడిటరు ఒక్కరే. ఇద్దరు అధికారులను ఒకే జీపులో ఎక్కించి ఆ గట్టు మీదికి పంపడానికి ఏ ముఖ్యమంత్రి అనుమతీ అక్కరలేదు. 2024 నవంబరులో కాగ్ పదవి చేపట్టిన సంజయ్ మూర్తి గారు అమలాపురం మాజీ పార్లమెంటు సభ్యుడి కుమారుడని మన పత్రికలు అప్పట్లో సంబరంగా రాశాయి. మంచిదే, అయితే మా అర్జీకి అనువాదకుడి అవసరం ఉండదు.

ఆ అర్జీ సిద్ధంగా ఉంది. మహారాష్ట్రలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో గ్రామసభలు జరుగుతాయి. వచ్చే సభలో మా ఊళ్ళో పెట్టబోయే ఠరావును, అంటే తీర్మానాన్ని, కింద ఇచ్చాను, మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి. అందులో మూడే వాక్యాలు ఉన్నాయి: మేడిగడ్డ వెనుక నీటి వల్ల మునిగిన భూముల లెక్కను రెండు రాష్ట్రాల ఆడిట్ కార్యాలయాలు కలిసి చూడాలి, ఆ లెక్కను మా సభలో చదివి వినిపించాలి, మా సభ ధ్రువపత్రం ఇవ్వనిదే ఆ పద్దును ముగిసినట్లు రాయకూడదు. గట్టు వెంబడి ఊళ్ళవాళ్ళు ఎవరైనా దీన్ని మీ సభలో పెట్టదలచుకుంటే ఊరి పేరు మార్చుకుని వాడుకోండి, సభకు హాజరైనవారి సంతకాలు మాత్రం అసలు ఠరావు పుస్తకంలోనే చేయించండి. నకళ్ళు నాగపూర్‌కు ఒకటి, హైదరాబాదుకు ఒకటి స్పీడ్ పోస్టులో వెళ్ళాలి. కాకా మొదటి సంతకం తనదేనని ఇప్పటికే చెప్పి ఉంచాడు, సాత్‌బారా సంచితో సహా వస్తాడట.