శిశిరంలో సిరొంచ దారి

శ్రోతలకు నమస్కారం.

అక్టోబరు రాగానే కశ్మీరు చినార్ చెట్ల ఫొటోలు చూసి, మన ఎండ సీమల్లో అలాంటి రంగులెక్కడివని నిట్టూర్చేవాళ్లు చాలామంది. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లు కూడా ఆ మాటే అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. చుట్టూ అంత అడవి పెట్టుకుని అనవలసిన మాట కాదది. అక్టోబరులో వెతికితే దొరకవు, అంతే.

ఆశ్వయుజ, కార్తీకాల్లో ఇక్కడి అడవి ఇంకా వాననీటి మీదే పచ్చగా ఉంటుంది. ఆకులు ఎక్కువగా రాలేది శిశిరంలో. చలిదేశాల్లో చలి చేసే పనిని ఇక్కడ నీటి ఎద్దడి చేస్తుంది. నేలలో తడి తగ్గగానే చెట్టు ఆకులోని సారాన్ని వెనక్కి తీసుకుంటుంది. ఆకుపచ్చ విరిగిపోయి అడుగునున్న పసుపు పైకి తేలుతుంది. తొడిమ మొదట్లో పొర కట్టి ఆకు ఊడిపోతుంది.

మాఘ ఫాల్గుణాల్లో సిరొంచ నుంచి ఆలాపల్లి దారి పట్టండి. అది టేకు అడవి. టేకాకు గోధుమరంగుకు తిరిగి రాలిపోతుంది, రంగు కోసం దాన్ని చూడనక్కర్లేదు. అయినా కింద పడ్డ ఆకుల్లో వెతకండి. పురుగు కండంతా తినేసి, ఈనెలు మాత్రం మిగిల్చిన ఆకు దొరికితే వెలుగుకు పట్టి చూడండి, సన్నని జల్లెడలా ఉంటుంది. రంగులు కావాలంటే టేకుల నడుమ చెన్నంగిని వెతకాలి. రాలబోయే ముందు దాని ఆకు రాగిరంగుకు తిరుగుతుంది.

నా మట్టుకు అన్నిటికన్నా అందం పుసుగు చెట్టుది. మరాఠీవాళ్లు కోసంబ అంటారు. ఎండలు ముదిరే వేళ చెట్టు నిండా ఎర్రని చిగురు వేస్తుంది. మోదుగ పూసే రోజులు కూడా ఇంచుమించు అవే కాబట్టి, దూరం నుంచి అవీ పూలే అనుకుంటారు. లేత ఆకును ఎండ దెబ్బ నుంచి కాపాడటంలో ఆ ఎరుపుకు పాత్ర ఉంది. ఆకు ముదిరితే ఎరుపు పోతుంది. ఉండేది కొద్ది రోజులే, వాయిదా వేయకండి.

ఒక్క విన్నపం. ఇప్పపూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఉంది. ఆ నిప్పు అడవిలోకి పాకితే లేత మొక్కలన్నీ మాడిపోతాయి. దయచేసి ఆకులు ఊడ్చి పక్కకు తీయండి, కాల్చకండి.

తొలకరి వేళ వెళ్లేవారికి టేకు చిగురు కనిపిస్తుంది. లేత ఆకును వేళ్ల మధ్య నలిపితే నెత్తురులాంటి ఎరుపు అంటుకుంటుంది. పిల్లలు వెంట ఉంటే ముందు వాళ్ల చేతికే ఇవ్వండి.