మచ్చలు కనిపించేదాకా ఆగొద్దు

మెదడు పొరలకో రక్తానికో పాకే మెనింగోకోకస్ అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బు లక్షణాలేమిటని అడిగితే నర్సింగ్ విద్యార్థులు ఠక్కున చెప్పేస్తారు: మెడ బిగుసుకుపోవడం, ఒంటిమీద ఎర్రమచ్చలు. పరీక్షలో మార్కులు పడతాయి. చంటిబిడ్డ విషయంలో మాత్రం వాటికోసం ఎదురుచూస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఈ బ్యాక్టీరియా సుమారు పదిమందిలో ఒకరి ముక్కులో, గొంతులో ఊరికే ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గి, సొంత రక్షణ ఇంకా ఏర్పడని ఏడాదిలోపు పిల్లల మీద దీని దెబ్బ ఎక్కువ.

మొదట మామూలు జ్వరంలాగే ఉంటుంది. అప్పుడు పాదాలు పట్టుకు చూడండి. ఒళ్లు కాలిపోతున్నా పాదాలు చల్లగా ఉన్నాయా? ఎత్తుకుంటే ఊరుకోవాల్సిన బిడ్డ ఇంకా గట్టిగా ఏడుస్తోందా? పాలు తాగకుండా మత్తుగా ఉందా, మాడు ఉబ్బిందా? అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మచ్చ మీద గాజుగ్లాసు నొక్కినా అది మాయం కాకపోతే చాలా ప్రమాదం. నల్లటి ఒంటిమీద సరిగా కనపడదు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపలివైపు చూడాలి. మచ్చలే లేవు కదా అని ధీమాగా ఉండొద్దు.

ఆ మచ్చ చర్మం కింద కారిన రక్తం. బ్యాక్టీరియా విషం రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తుంది. సన్నటి నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. గడ్డకట్టించే పదార్థాలు అక్కడే ఖర్చయిపోయి మిగతాచోట్ల రక్తస్రావం మొదలవుతుంది. మూత్రపిండాల్లో, వాటిపైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో జరిగేదీ ఇదే. వేళ్లు నల్లబడి తీసేయాల్సి రావచ్చు. కొందరిలో ఇదంతా 24 గంటల్లోపే.

సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. వైద్యం అందినా పదిమందిలో ఒకరు దక్కకపోవచ్చు. ఇంట్లోవాళ్లకూ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు. టీకాలున్నాయి, బి రకానికి వేసేది వేరు, మిగతా రకాలకు వేసేది వేరు. ఒకటి వేయించి ఊరుకోకుండా డాక్టర్‌ని అడగండి.

డిశ్చార్జి అయ్యాక అందరికీ టెన్షన్ తగ్గుతుంది, నాకు అక్కడే భయం. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వల్ల వినికిడి పోవచ్చు, ఆ తర్వాత లోపలిచెవిలో ఎముక పెరిగి పూడుకుపోవచ్చు. అప్పుడు వినపడేందుకు లోపలిచెవిలో పెట్టే పరికరం, అంటే కాక్లియర్ ఇంప్లాంట్, అమర్చడం కష్టం. తనకు వినపడటం లేదని పసిబిడ్డ చెప్పలేదుగా! అందుకే నాలుగు వారాల్లోపు వినికిడి పరీక్ష చేయించాలి. రక్తం అందక ఎముకల చివర్లలోని పెరిగే భాగం దెబ్బతింటే, కొన్నేళ్లకు ఒక కాలు పొట్టిగానో వంకరగానో తేలుతుంది. ఎదుగుదల ఆగేదాకా ఎముకల డాక్టర్‌కి చూపిస్తూనే ఉండాలి.